అత్తగారికి ఎన్ని పౌన్ల దారం?

(చేపలు పట్టే సామాన్ల కొట్టు, మధ్యాహ్నం. బల్లకి ఇవతల బావ: ఒకప్పటి దర్జీ, ఇప్పుడు పొద్దస్తమానం చెరువు గట్టు మీదే. అవతల ఆయన బావమరిది, కొట్టు యజమాని.)

“ఇరవై పౌన్లదా? నువ్వా బావా?”

“నేనే. చెవుల్లో దూది పెట్టుకున్నావా? ఇరవై పౌన్ల దారం ఇవ్వరా అంటున్నా.”

“ఆ దారం పేరెత్తితే బర్రెను కట్టే పలుపు అన్నావు కదా.”

“అన్నాను.”

“గుడ్డి చేపక్కూడా కనబడుతుందన్నావు.”

“అన్నానురా. అన్నవన్నీ అప్పజెప్పడానికి నువ్వేమన్నా బళ్లో పిల్లాడివా? ఒప్పుకుంటున్నా. ఇన్నేళ్ల మన వాదన, మన పందెం ఈ పూటతో సరి. నువ్వు గెలిచావు, నేను ఓడాను. ఆ చేపకి పన్నెండు పౌన్ల దారం చాలదు, ఇరవై కావాలి. వీధిలో నిలబడి అరవమన్నా అరుస్తా. ఇవ్వు.”

“లేదు.”

“ఏం లేదు?”

“ఇరవై లేదు. అయిపోయింది.”

“నీ తల వెనక మేకుకి వేలాడుతున్నదేంటి మరి? ఎర్రకాగితం మీద ఇంత లావు అంకెతో ఇరవై అని?”

“అదా? అది... అది లెక్కల మాస్టారు ఉంచమన్నారు.”

“లెక్కల మాస్టారా! ఆయనకి నీళ్లంటే భయం. స్నానానికి వెళితే తలుపు తీసే ఉంచుతాడు, మునిగిపోతే వచ్చి లాగమని.”

“ఆయనకి కాదు. వాళ్ల అల్లుడికి.”

“ఆయనకున్నవాళ్లంతా కొడుకులేరా.”

“బావా, నువ్వు ముందు కూర్చో. ఆ కాలికేమైంది? కట్టు కట్టావు, కుంటుతున్నావు. అక్క చూసిందా?”

“మీ అక్కకి నా కాలు చూసే తీరికెక్కడిది? ఇంత ఎండలో తన బట్టలకి చేతులు మణికట్టు దాకా కుట్టమని నా ప్రాణం తీస్తోంది. ఇది మూడో వేసవి. వయసైపోయిందట, చేతులు కప్పుకోవాలట. కాలి సంగతికి వస్తా, ముందు దారం. రేపు పొద్దున తూము ఎత్తేస్తున్నారు, విన్నావా?”

“విన్నా.”

“గట్టు రాళ్లు జారాయట. నీళ్లన్నీ వదిలేసి బాగుచేస్తారట. మధ్యాహ్నానికల్లా చెరువు అడుగు కనబడుతుంది. అంటే నాకు మిగిలింది ఈ సాయంత్రం ఒక్కటే. ఈ సాయంత్రం అత్తగారు నా గాలానికి పడాలి. పడలేదా, రేపు ఎవడో లుంగీ ఎగ్గట్టుకుని బురదలో దిగి బుట్టతో ఎత్తుకుపోతాడు. నా అత్తగారిని! బుట్టతో!”

“చేపకి మా అమ్మ పేరు పెట్టొద్దని ఎన్నిసార్లు...”

“పేరు కాదురా, వరస. ఆ చెరువులో ఉన్న బాస్ అనే పెద్దనోటి చేపల్లో కూడా అంత నోరు ఇంకోదానికి లేదు. తెరిస్తే తలుపు, మూస్తే తాళం. మీ అమ్మని తలుచుకోకుండా ఎలా ఉండను? ఆవిడా అంతే కదా. ఏ మూలో కదలకుండా కూర్చునుండేది. నేను ఒక్క మాట జార్చానో లేదో, లటుక్కున పట్టేసేది.”

“పోయినావిడ గురించి...”

“గౌరవంగానే అంటున్నా. నాలుగు కిలోల గౌరవం.”

“పోయిన నెల చెప్పినప్పుడు మూడున్నరే.”

“చేపలు పెరగవా?”

“నువ్వు చెప్పే చేపలు మరీ తొందరగా పెరుగుతాయి బావా.”

“నవ్వు, నవ్వు. మొదటిసారి గాలానికి పడ్డప్పుడు నువ్వు లేవు కాబట్టి నవ్వుతున్నావు. నన్నూ పడవనీ కలిపి చెరువు చుట్టూ తిప్పింది. నా చుట్ట ఆరిపోతే ఆగి, అంటించుకోనిచ్చి, మళ్లీ లాగింది. రెండో చుట్టులో గట్టు మీంచి పోస్టుమాను ‘అటేనా, నన్నూ ఎక్కించుకో’ అన్నాడు. ఎక్కించుకున్నా. పోస్టాఫీసు దగ్గర దింపా కూడా.”

“ఆ పోస్టుమాను ఎప్పుడూ ఈ మాట చెప్పలేదేం?”

“పరువుగలవాడు. ఒకరి గుట్టు ఇంకొకరికి చెప్పడు. సరే, ఆ రోజు తెంపుకుపోయింది కదా, నా ఎరతో సహా పోయింది. ఇత్తడి కోటుబొత్తంతో నేను చేసుకున్న ఎర. నాలుగు కన్నాలది, అంచు కాస్త సొట్ట. గాలంతో పాటు అది దాని పెదవికి అతుక్కుపోయింది. ఆ తర్వాత నాచు పక్కన పైకి లేచినప్పుడల్లా ఎండకి తళుక్కుమనేది. ముక్కుపుడక పెట్టుకున్న అత్తగారు! రేపు ఆ ముక్కుపుడక చూపిస్తే చాలు. దర్జీల సంఘంలో నన్నేమంటారో తెలుసుగా?”

“కబుర్ల దర్జీ.”

“కబుర్ల దర్జీ. కుట్టింది గజం, చెప్పింది ఆమడ అంటారు. అందర్నీ రమ్మన్నా. రేపు గట్టు మీదికొచ్చి మీ కళ్లతో చూసుకోండి అన్నా. ఈ సాయంత్రం పడితే గట్టు మీదే వేలాడదీస్తా. పడకపోతే అడుగున బురదలో చూపిస్తా. ఎలాగైనా చూస్తారు.”

“అందర్నీ పిలిచావా?”

“ఆడవాళ్లతో సహా. ఏం, మొహం అలా పాలిపోయిందేం?”

“ఏం లేదు. ఉక్కపోత.”

“ఫ్యాను నీ నెత్తినే తిరుగుతోంది.”

“బావా, ఈ పూట వెళ్లకు. కాలు బాలేదు.”

“చేపని కాలితో పట్టనురా.”

“పోనీ వెళ్లు. కానీ ఎప్పట్లా పన్నెండే వాడు. నీళ్లు తేటగా ఉన్నాయి. దారం ఏ మాత్రం లావున్నా చేపకి కనబడుతుంది, చూసి పక్కకి తప్పుకుంటుంది. నువ్వేగా అనేవాడివి.”

“నేను అనేవాణ్ణి. నువ్వు కాదనేవాడివి. ‘బావా, అది కాపురం ఉండేది నాచులో. నాచులో దారం కనబడటమేముంది, తెగడమే గాని. చేప బరువుకి నాచు బరువు కలుపు, దాని మీద చేపకొచ్చే కోపం కలుపు. ఇరవై లేనిదే బయటికి రాదు’ అని అరిచేవాడివి. ఆ అరుపులకి బేరాలు వెనక్కి పోయేవి. ఆ మనిషివేనా నువ్వు? ఎప్పుడు మారావు?”

“మనిషన్నాక మారడా?”

“మారితే చెప్పి మారతాడు. ‘నీ మాటే సరైంది బావా’ అని ఒక్కసారన్నా అన్నావా? అనలేదు. ఉన్నట్టుండి నోరు మూసుకున్నావు. నేను జ్వరంపడి లేచిన దగ్గర్నుంచీ దారం గురించి నువ్వు నాతో దెబ్బలాడటం మానేశావు. పన్నెండంటే పన్నెండు, చేతిలో పెట్టి పంపేస్తున్నావు. జబ్బుమనిషని జాలిపడుతున్నాడులే అనుకున్నా.”

“జాలే బావా. ఆ జ్వరం అలాంటిది.”

“ఆ జ్వరం గురించి నాకు చెప్పకు, పట్టింది నన్ను. మంచానికి అతుక్కుపోయా. ఒకరోజు మీ అక్క ఏదో బజారు చేప కూర వండి పెట్టింది. చచ్చిన నాలుక లేచి కూర్చుంది. రెండోసారి అడిగి వేయించుకున్నా. ఆ మెతుకులే నన్ను నిలబెట్టాయి. లేకపోతే ఈపాటికి గోడ మీద ఫొటోలో నవ్వుతూ ఉండేవాణ్ణి. అది సరే. ఇప్పుడు కాలు చూడు. కట్టు విప్పుతున్నా.”

“అమ్మో! బొటనవేలు వంకాయలా ఉందేం బావా!”

“ఇస్త్రీపెట్టె.”

“ఏంటీ?”

“నా పాత ఇస్త్రీపెట్టె పడింది. దుకాణం మూసినా దాన్ని వదిలించుకోబుద్ధి కాలేదు. కోట్లు ఇస్త్రీ చేసిన పెట్టె. నాలుగు కిలోలు. సరిగ్గా అత్తగారి బరువు. పొద్దున ఒక ఆలోచనొచ్చింది. ఆఖరి సాయంత్రం కదా, దారాన్ని ఒకసారి పరీక్ష చేద్దామని. పన్నెండు పౌన్ల దారమంటే అర్థమేంటి? కొట్టు నీది, నువ్వు చెప్పు.”

“పన్నెండు పౌన్ల బరువు దాకా మోస్తుందని.”

“అంటే కిలోల్లో?”

“ఐదు దాటుతుంది.”

“ఐదు దాటుతుంది. నా పెట్టె నాలుగే. నీ దగ్గర తీసుకున్న దారం పైన దూలానికి కట్టా. కింద ఇస్త్రీపెట్టె కట్టా. మెల్లిగా వదిలా.”

“తెగిందా?”

“నా వేలునడుగు.”

“ముడి తప్పయ్యుంటుంది. దర్జీ ముడి వేసుంటావు. ఈ దారానికి ముడి బిగించే ముందు ఉమ్ముతో తడపాలి బావా. పొడిగా లాగితే రాపిడికి అక్కడే దెబ్బతింటుంది.”

“తడిపా. ముడి దగ్గర తెగలేదు.”

“ఎండకి పాడై ఉంటుంది.”

“ఎండ మొహం చూడని ముక్క. డబ్బాలోంచి అప్పుడే తీసింది.”

“అయితే పెట్టె అంచు కోసి ఉంటుంది.”

“నడిమధ్యన తెగిందిరా! పెట్టెకి మూరెడు పైన! గాల్లో అంచెక్కణ్ణించి వస్తుంది, ఆకాశానికి అంచుందా?”

“మరైతే కంపెనీవాడు...”

“ఆఁ. అదీ. నేనూ అదే అనుకున్నా. కంపెనీవాడు మోసం చేశాడు, పాపం మా బామ్మర్దికి తెలీదు అనుకున్నా. ఎందుకంటే నువ్వు మోసం చేస్తావన్న ఆలోచన రావడానికి నా బుర్రలో దారి లేదు. నీకు చెప్పి నీ పరువు కాపాడదామనుకున్నా. ముందు రుజువు ఉండాలి కదా. ఈ కాలితో కుంటుకుంటూ బస్టాండు పక్క కొట్టుకి వెళ్లా.”

“వాడి దగ్గరికా?”

“వాడి దగ్గరికే. కుర్చీ వేశాడు, మంచినీళ్లిచ్చాడు, నీ గురించి చెడ్డగా ఒక మాటన్నాడు. నేను లేచి నిలబడి, మా బామ్మర్దిని ఏమన్నా అంటే నోరు కుట్టేస్తా అన్నా. అలా నీకోసం వాడితో తగువు పెట్టుకుని మరీ, అదే కంపెనీ, అదే పన్నెండు, అదే నీలం డబ్బా తెచ్చుకున్నా. అదే దూలానికి కట్టా. అదే పెట్టె వేలాడదీశా.”

“తెగలేదా?”

“తెగలేదు. ఊపా. ఉయ్యాల్లో పిల్లలా ఊగింది. పాడమంటే పాడేదే.”

“బావా, అదీ...”

“ఆగు. ఇదిగో జేబులోంచి సూది తీస్తున్నా. కోట్లు కుట్టే సూది. ఇది వాడి దారం. సూది బెజ్జంలో పెడుతున్నా. దూరట్లేదు. చూశావా? దూరదు. ఇది నీ దారం.”

“చూశాలే బావా, చాలు.”

“చాలదు. చూడు. దూరింది. దూరడమా, డాన్సు చేసుకుంటూ పోయింది. నలభై ఏళ్లు దారం మీద బతికినవాణ్ణిరా. కళ్లు మూసుకుని వేళ్ల మధ్య నలిపి ఎన్నో నంబరో చెప్పేవాణ్ణి. ఈ వేళ్లు చెబుతూనే ఉన్నాయి, ‘సన్నగా ఉందేంటయ్యా’ అని. నోరుమూసుకోండి అన్నా. డబ్బా మీద పన్నెండని ఉంది, ఇచ్చింది మా బామ్మర్ది, మీరెవరు చెప్పడానికి అన్నా. నా వేళ్లని కాదని నిన్ను నమ్మాను. ఇది ఎన్ని పౌన్లు?”

“కూర్చో బావా.”

“ఎన్ని పౌన్లు?”

“ఆరు.”

“ఆరు.”

“ఊఁ.”

“కంపెనీ తప్పా?”

“కాదు.”

“మరి ఆరు తీసుకెళ్లి పన్నెండు డబ్బాలో ఎవడు చుట్టాడు?”

“నేనే.”

“ఈ ఒక్క డబ్బానా?”

“నీకిచ్చిన ప్రతి డబ్బా. నీ జ్వరం తగ్గిన దగ్గర్నుంచి. షట్టరు సగం దించుకుని చుట్టేవాణ్ణి.”

“షట్టరు దించుకుని. దొంగసరుకులాగ.”

“ఊఁ.”

“నేనేమో ఇంట్లో పొద్దున్నే లేచి రెండు చేతుల్తో రెండు బకెట్ల నీళ్లు మోస్తూ అటూ ఇటూ తిరిగేవాణ్ణి. ఎందుకో తెలుసా? మణికట్టుకి బలం రావాలని. చేప తెంపుకుపోయిన రోజల్లా నా చేతుల్ని తిట్టుకునేవాణ్ణి. వణుకుతున్నాయి, ముసలాడినయ్యా, సమయానికి దారం వదల్లేకపోతున్నా అని. కొత్త కళ్లద్దాలు చేయించుకున్నా. చెయ్యికి నూనె రాసుకున్నా. తప్పు నా చేతుల్లో ఉందనుకుని వెతుక్కున్నానురా, నీ చేతుల్లో ఉంది. దర్జీని దారంతో మోసం చేశావు. దానికంటే కత్తెరతో ఒక్క పోటు పొడవాల్సింది.”

“తిట్టు బావా.”

“ఏం చేశాను నీకు? నీ పెళ్లి సూటు కుట్టింది నేను. ఇప్పటికీ ఒక్క కుట్టు ఊడిందా?”

“ఊడలేదు. నేనే లావయ్యా.”

“నవ్వించకు! నాకు నవ్వు రావడానికి వీల్లేదివాళ. ఎందుకు చేశావో చెప్పు. అత్తగార్ని నువ్వు పట్టుకుందామనా?”

“కాదు.”

“పన్నెండు తెగుతుంటే నీ ఇరవై మాట నెగ్గుతుందనా? పందెం కోసమా?”

“పందెమా? పందెం నేనెప్పుడో నెగ్గాను.”

“ఎప్పుడు నెగ్గావు?”

“ఏం లేదు. వదిలెయ్.”

“నోరు జారాక వదిలెయ్యనా? ఇవాళే కదా నేను ఒప్పుకున్నది. ఎప్పుడో నెగ్గడమేంట్రా?”

“అది... చెప్పనని అక్కకి మాటిచ్చాను.”

“మీ అక్కకా?”

“అయ్యో.”

“మీ అక్కకేం పని ఇందులో? ఈ ఆరు పౌన్ల సంగతి ఆవిడకి తెలుసా?”

“బావా, మంచినీళ్లు తాగు.”

“తెలుసన్నమాట.”

“తాగు బావా.”

“ఆగు, ఆగు. సాయంత్రం నేను గుమ్మం ఎక్కగానే ఏమంటుందో తెలుసా? ‘ఏమైందీ, తెగిందా?’ అంటుంది. ఒక్కనాడైనా ‘దొరికిందా?’ అనలేదు. తెగిందా అనే. తెగిందే అంటే ‘అయ్యో’ అని కాళ్లకి నీళ్లిస్తుంది. నా కష్టం ఎంత తెలిసిన మనిషి అని మురిసిపోయేవాణ్ణి. తెలిసే అడిగిందా! నువ్వంటే సరే, కొట్టు మూశాక ఎవరింటికి వాళ్లం పోతాం. ఆవిడ పక్కన పడుకున్నానురా నేను!”

“అక్కని ఏమీ అనకు. ఇదిగో, ఈ సొరుగులో ఒకటుంది. చూసి, ఆ తర్వాత నన్నేమన్నా అను.”

“ఏంటిది? పొడుం డబ్బా. పొడుం నాకెందుకు?”

“మూత తియ్యి.”

“నాలుగు కన్నాలు. అంచు సొట్ట.”

“ఊఁ.”

“ఇది నా బొత్తం.”

“నీదే.”

“ఇది అత్తగారి మూతికి కదా ఉండాలి.”

“ఉండేది.”

“ఒరేయ్! ఒరేయ్ దొంగా! నువ్వు పట్టావు! నాకు ఆరు ఇచ్చి గట్టు మీద ఆడించి, నువ్వు ఇరవైతో వెళ్లి...”

“నేను కాదు! నేను పట్టి ఉంటే నోరు మూసుకుని కూర్చునేవాణ్ణా? కొట్టు ముందు బోర్డు రాయించేవాణ్ణి. దాన్ని పట్టింది అక్క.”

“ఏ అక్క?”

“నాకున్నది ఒక్కతే.”

“మీ అక్క వానపాముని చూస్తే స్టూలెక్కుతుంది.”

“నీకు జ్వరం వచ్చిన రోజు గుర్తుందా? నీకు చెప్పకుండా నీ గాలంకర్రకి నేను ఇరవై చుట్టి ఇచ్చాను. ఒక్కసారి విసిరి, ఇది దారం కాదు పలుపు అని తిట్టి, కర్రని పడవలోనే పడేసి ఇంటికొచ్చి పడుకున్నావు.”

“అప్పటికే ఒళ్లు కాలుతోంది.”

“మర్నాడు మబ్బు పట్టింది. సామాను తడిసిపోతే నువ్వు లేచాక గోలచేస్తావని అక్క తేవడానికి వెళ్లింది. ఎరకి బురద అంటుకుని ఉందట. కడుగుదామని పడవ పక్కన నీళ్లలో ముంచింది. అంతే.”

“ముంచితే?”

“నాచులోంచి వచ్చి లటుక్కున...”

“అత్తగారు.”

“అత్తగారే. కర్ర చేతిలోంచి జారిపోతుంటే అక్క గాభరాలో దారం మోచేతికి చుట్టేసుకుంది. అలా చుట్టుకోకూడదని ఆవిడకేం తెలుసు? చర్మం కోసుకుపోయింది. అయినా వదల్లేదు. దారమూ తెగలేదు. ఇరవై కదా. పన్నెండైతే తెగేది బావా. తప్పే, ఈ టైములో అనకూడదు, కానీ అనకుండా ఉండలేను.”

“అను, అను. ఇన్నాళ్లెలా ఆపుకున్నావురా?”

“కడుపుబ్బిపోయింది బావా. గెలిచిన పందెం చెప్పుకోలేక.”

“మోచేతికా? కుడి మోచేతికా?”

“కుడి.”

“అందుకా ఆ పొడుగు చేతులు! గాయం కనబడకుండా! కొలత తీసింది నేను, గుడ్డ కత్తిరించింది నేను, కూర్చుని కుట్టింది నేను. నా కళ్లకి గంతలు నా చేతే కుట్టించిందిరా మీ అక్క.”

“ఆవిడకి మాత్రం సరదానా?”

“చెబితే ఏం పోయేది? ‘నీ చేప నాకు దొరికింది’ అంటే నేనేమన్నా ఏడుస్తానా?”

“ఏడిచేవాడివి.”

“సరే, ఏడిచేవాణ్ణి. అయితే ఏం?”

“అప్పుడు నువ్వెలా ఉన్నావో నీకు తెలీదు బావా. కళ్లు తెరవట్లేదు. డాక్టరు అక్కని వరండాలోకి పిలిచి, ‘మందు నేనిస్తాను, లేవాలన్న కోరిక ఆయనకుండాలి’ అన్నాడు. దుకాణం మూసిన దగ్గర్నుంచీ నీకు కోరికంటూ ఉంటే ఆ చేప ఒక్కటే. అక్క దాన్ని గోనెసంచిలో వేసుకుని, చేతికి నెత్తురు కారుతుంటే అలాగే మంచం దగ్గరికొచ్చింది. నీకు చూపిద్దామనే వచ్చింది. చూస్తే లేచి కూర్చుంటావని. నువ్వేమో కళ్లు మూసుకునే ఏదో గొణుగుతున్నావట. చెవి దగ్గరగా పెట్టి వింది.”

“ఏమన్నాను?”

“‘అత్తగారు నాకోసం చూస్తోంది. లేవాలి’ అన్నావట. అక్క సంచి మూతి బిగించి లోపలికి పట్టుకెళ్లిపోయింది. నన్ను పిలిపించింది. ‘తమ్ముడూ, ఆ చేప ఇంకా చెరువులోనే ఉంది. అర్థమైందా?’ అంది. అర్థమైందన్నా. నువ్వు లేచావు. లేచినవాడివి ఊరుకున్నావా? గాలం పట్టుకున్నావు. నీ చేతికి గట్టి దారమిస్తే చెరువులో ఉన్నవన్నీ పైకి లాగేస్తావు. అన్నీ అరచేతంత చేపలు. నాలుగు రోజులకే తెలిసిపోతుంది, పెద్దది లేదని. ఆరు పౌన్లదైతే కిలో చేప నాచులో దూరినా తెగుతుంది. తెగిన ప్రతిసారీ...”

“తెగిన ప్రతిసారీ నాకది అత్తగారే.”

“అంతే బావా.”

“ఎంత చక్కగా కత్తిరించారురా అక్కా తమ్ముడూ. కొలతకి సరిగ్గా. నేను గట్టు మీద ఎండలో నిలబడి ‘రావే తల్లీ, ఒక్కసారి రా’ అని బతిమాలేవాణ్ణి. ఎవర్ని? నాచుని. ఉత్త నీళ్లని. మీరిద్దరూ మాత్రం తెలిసి అయ్యో అయ్యో అనడం.”

“బతికావు కదా బావా.”

“బతికా. మీరు చుట్టిచ్చిన అబద్ధం పట్టుకుని బతికా. అది ఎన్ని పౌన్లు మోస్తుందో చూసుకోలేదు మీరు. రేపు పొద్దున తెగుతుంది, గట్టు మీద అందరి ముందూ.”

“అందుకే ఇప్పుడు చెప్పేశాను. నీకు ఇరవై ఇచ్చి ఈ సాయంత్రం ఏం పట్టమని పంపను?”

“సంఘం సంఘమంతా వస్తుంది. నీళ్లు దిగుతాయి. అడుగున అరచేతంత చేపలు గిలగిలా కొట్టుకుంటాయి. అందరి కళ్లూ నా మీద. ‘ఏదయ్యా కబుర్ల దర్జీ, ఎక్కడయ్యా మీ అత్తగారు?’ అంటారు. నేనేం చెప్పాలి?”

“నిన్ననే పట్టేశానని చెప్పు.”

“చెప్పలేను.”

“నీకు అబద్ధాలు కొత్తా? పోస్టుమానుని పడవెక్కించినవాడివి.”

“అదేరా నీకు తెలీనిది. నా అబద్ధాలన్నిటికీ అడుగున ఒక గింజ నిజం ఉంటుంది. పడవ కదిలింది నిజం, ఇంత దూరం. ఆ గింజ మీద పోస్టుమానుని ఎక్కిస్తా, పోస్టాఫీసు కట్టేస్తా. గింజ లేకుండా నోరు రాదు నాకు. అత్తగార్ని నేను పట్టలేదు. నా గాలానికి చిక్కి నిలవలేదు, నా చేతికి అందలేదు, నేను తాకనైనా తాకలేదు. రేపటికి నాకు ఒక్క గింజ కూడా మిగల్చలేదు మీరు.”

“ఒకటి మిగిలింది బావా.”

“ఏంటది?”

“చెబితే కొట్టకూడదు.”

“చెప్పు.”

“ఆ సూది ముందు జేబులో పెట్టుకో.”

“పెట్టుకున్నా. చెప్పరా.”

“పట్టానని చెప్పకు, అబద్ధమవుతుంది. తిన్నానని చెప్పు. ఆ జ్వరంలో నువ్వు రెండోసారి అడిగి మరీ వేయించుకున్నది బజారు చేప కాదు.”